‘జారు’ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలు జారుతుంది, నోరు జారుతుంది, పైట జారుతుంది, అవకాశం చేజారుతుంది, పిండి జారవుతుంది. పత్రికల్లో రాసేవాళ్ళు, అనువాదాలు చేసేవాళ్ళు, పిల్లలకు తెలుగు నేర్పేవాళ్ళు ఈ మాట గురించి పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులివి.

‘జారు’కు అసలు అర్థం ఏమిటి?

పట్టు తప్పి, దేన్నో ఒరుసుకుంటూ కదలడం. ఇందులో మూడు సంగతులున్నాయి. అప్పటిదాకా ఒక పట్టు ఉండాలి, ఆ పట్టు వదలాలి, కదలిక తెగకుండా నున్నగా సాగాలి. చెట్టు మీంచి కొబ్బరికాయ పడితే ‘జారింది’ అనం, ‘పడింది’ అంటాం. గాల్లో ఒరుసుకునేదేమీ లేదు. అదే కాయ చేతిలోంచి పోతే ‘జారింది’ అంటాం, వేళ్ళను ఒరుసుకుంటూ పోయింది గనక.

ఇంకో సంగతి: పిల్లల జారుబండ ఆట తప్పిస్తే, జారడంలో జారేదాని ఇష్టం ఉండదు. ‘నేను జారాను’ అంటే కావాలని చేసిన పని కాదు. ఇష్టంతో చేసినట్టు చెప్పాలంటే మాటకు ఏదో ఒకటి తగిలించాలి: జారుకున్నాడు, జారవిడిచాడు, జార్చాడు. కింద వచ్చే చిక్కుల్లో చాలామటుకు ఈ తేడా దగ్గరే విడిపోతాయి.

జారడానికీ జరగడానికీ తేడా ఏమిటి?

పరాయి దేశాల్లో పెరిగే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘జారు’లో దీర్ఘం, ‘జరుగు’లో హ్రస్వం. జరగడం చోటు మారడం: ‘కొంచెం జరగండి’ అంటే పక్కకు తప్పుకోమని. బస్సులో ‘కొంచెం జారండి’ అంటే ఎదుటివాళ్ళు నవ్వుతారు, లేదా సీటు మీంచి కిందికి జారిపడమంటున్నారనుకుంటారు. తెలంగాణలో ‘జర జరుగన్నా’ అంటారు. అందులో మొదటి ‘జర’ ఉర్దూ నుంచి వచ్చింది, ‘కొంచెం’ అని అర్థం. రెండోది మన జరుగే.

బల్లను ఇటు ‘జరుపు’తాం. బల్ల వాలు మీద తనంతట తాను పోతే ‘జారింది’. కదలిక మన అదుపులో ఉంటే జరుగు, అదుపు తప్పితే జారు. ‘జరుగు’కు ‘సంభవించు’ అన్న ఇంకో అర్థముంది గానీ దానికీ జారుకూ పొత్తు లేదు.

‘నేల జారుతోంది’ అంటారు. జారేది కాలు కదా?

రెండూ తెలుగే. ‘గచ్చు జారుతోంది, చూసుకుని నడువు’ అన్నప్పుడు నేల కదలడం లేదని అందరికీ తెలుసు. జార్చే గుణం నేలది గనక దాన్నే కర్తను చేశాం. ‘సబ్బు జారుతోంది’ కూడా అంతే. హెచ్చరిక బోర్డు మీద ‘జారుడు నేల’ అని రెండు మాటలు పడేస్తే చదివినవాడికి ఏం చేయాలో తెలియదు. ‘నేల తడిగా ఉంది, జారుతుంది’ అని రాస్తే పని జరుగుతుంది.

బండి విషయంలో ‘జారింది’ కన్నా ‘స్కిడ్ అయింది’ అన్నదే ఎక్కువ వినిపిస్తుంది. తొలి చినుకులప్పుడు బళ్ళు ఎక్కువగా జారేది రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీళ్ళతో కలిసి పలచని పొరగా మారడం వల్ల. గట్టి వాన కాసేపు కురిస్తే ఆ పొర చాలావరకు కొట్టుకుపోతుంది. బడి పుస్తకాల్లో ‘జారుడు ఘర్షణ’ అనేది ఒక వస్తువు మరోదాని మీద జారుతున్నప్పుడు ఎదురయ్యే ఘర్షణ. కదలకముందు ఉండే స్థైతిక ఘర్షణ కన్నా ఇది తక్కువ. అందుకే కాలు ఒకసారి జారడం మొదలయ్యాక నిలదొక్కుకోవడం కష్టం.

నోరు జారడం, మాట తూలడం, నోరు పారేసుకోవడం ఒకటేనా?

కాదు. వార్తల్లో వీటిని కలిపేస్తే మనిషి మీద వేసే నింద బరువే మారిపోతుంది.

‘నోరు జారాడు’ అంటే అనకూడనిది అనుకోకుండా అనేశాడు. అది రహస్యం కావచ్చు, ఎదుటివాళ్ళను నొప్పించే మాట కావచ్చు. ఉద్దేశం లేదన్న మన్నింపు అందులో కొంత ఉంది. ‘మాట జారాడు’ కూడా ఇంచుమించు అదే, తీవ్రత ఒక పాలు తక్కువ. ‘మాట తూలాడు’ అంటే మర్యాద తప్పాడు, ఎదుటివాణ్ణి తక్కువ చేసి మాట్లాడాడు. ‘నోరు పారేసుకున్నాడు’ అంటే తిట్టిపోశాడు, దానికి మన్నింపు లేదు. ‘మాట తప్పాడు’ వేరే దారి, ఇచ్చిన మాట నిలుపుకోలేదని. నాయకుడు ఎదుటి పార్టీవాళ్ళను పది నిమిషాలపాటు తిడితే అది ‘నోరు జారిన నేత’ అన్న శీర్షికకు తగ్గ వార్త కాదు. పది నిమిషాలు ఎవరూ జారరు.

ఉచ్చారణలో తడబాటుకు నోరు జారడం వాడకూడదు. ‘నాలుక మడతపడింది’, ‘తడబడ్డాడు’ అనాలి. అచ్చులో తప్పు పడితే అది జారదు, దొర్లుతుంది: ‘నిన్నటి సంచికలో పొరపాటు దొర్లింది’.

‘కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం’ అన్న సామెతలో కీలు ‘తీసుకోవడం’ మీద ఉంది. జారిన కాలును వెనక్కి తీసుకుంటాం, అన్న మాటను వెనక్కి తీసుకోలేం. ‘తీసుకోవచ్చు’ బదులు ‘కూడదీసుకోవచ్చు’ అనేవాళ్ళూ ఉన్నారు.

‘కాలు జారింది’ అన్నదాన్ని శీలానికి వాడవచ్చా?

వాడుకలో ఉంది. కానీ ఆ అర్థంలో అది దాదాపుగా ఆడవాళ్ళ మీదే పడుతుంది. అదే పని చేసిన మగవాడికి ‘తప్పటడుగు వేశాడు’ అని మెత్తటి మాట దొరుకుతుంది (చంటిబిడ్డ తొలి నడకకూ అదే మాట). కథలో పాత్ర నోట పెట్టవచ్చు గానీ వార్తలో, నివేదికలో రాసేవాళ్ళు సొంతంగా వాడకూడదు. ఏం జరిగిందో అది రాయాలి.

చేజారింది, చేజార్చుకున్నాడు, జారవిడిచాడు: ఏది ఎక్కడ?

‘చేయి’ సమాసంలో ‘చే’ అవుతుంది, అందుకే చేజారు. కలిపే రాయాలి. ‘చెయ్యి జారింది’ అని విడదీస్తే నిజంగా చెయ్యి పట్టు తప్పిందనే అర్థం.

‘అవకాశం చేజారింది’లో ఎవరి తప్పూ చెప్పడం లేదు. ‘అవకాశాన్ని చేజార్చుకున్నాడు’ అంటే తప్పు అతనిదే, నష్టమూ అతనిదే. చివర చేరిన ఆ ‘కొను’ (చేజార్చు + కొను) నష్టం ఎవరికో చెబుతుంది. క్రికెట్‌లో ‘వికెట్ చేజార్చుకున్నాడు’ అంటే బ్యాటర్ అనవసరమైన షాట్ ఆడి అవుటయ్యాడని. మంచి బంతికి అవుటైనవాడికి ఈ మాట అన్యాయం.

‘జారవిడుచు’ రెండు తలల మాట. వరదల్లో హెలికాప్టర్ల నుంచి ఆహార పొట్లాలు జారవిడిచారంటే కావాలని చేసిన పని. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచినప్పుడు పత్రికల్లో ఈ వాక్యం చాలాసార్లు కనిపించింది. బాంబులు జారవిడిచారన్నా అంతే. అదే ‘క్యాచ్ జారవిడిచాడు’ అంటే పాపం, కావాలని కాదు. తికమక వద్దనుకుంటే క్యాచ్‌ను ‘నేలపాలు చేశాడు’ అనేయండి.

జారుకోవడం అంటే పారిపోవడమేనా?

ఎవరూ చూడకుండా, అలికిడి లేకుండా వెళ్ళిపోవడం. పెళ్ళి భోజనాలయ్యాక మాటామంతీ లేకుండా జారుకుంటారు. మీటింగ్‌లో చందాల పుస్తకం బయటికి రాగానే ఒక్కొక్కరే జారుకుంటారు. గోడ దూకి పరుగెత్తినవాడు జారుకోలేదు, పరారయ్యాడు. ‘ఉడాయించాడు’ అంటే చేతిలో ఏదో ఉన్నట్టే, డబ్బో నగో. ‘చెక్కేశాడు’లో వేళాకోళం ఉంది, కోర్టు వార్తకు పనికిరాదు.

‘నిద్రలోకి జారుకున్నాడు’ కూడా ఈ కుటుంబమే. మెలకువ నుంచి చప్పుడు లేకుండా తప్పుకోవడం. దీనికి ‘జారిపోయాడు’ వాడితే ప్రమాదంలా వినిపిస్తుంది.

రూపాయి పడిపోయిందా, దిగజారిందా?

రెండూ రాస్తున్నారు. ‘పడిపోయింది’ లెక్క చెబుతుంది, ‘దిగజారింది’ తీర్పు చెబుతుంది. ఉండాల్సిన మెట్టు నుంచి కిందికి వచ్చిందన్న బాధో ఏవగింపో ‘దిగజారు’లో కలిసి ఉంటుంది, అందుకే ‘దిగజారుడు రాజకీయాలు’ అన్న మాట పుట్టింది. ఉష్ణోగ్రతలు దిగజారవు, పడిపోతాయి. జలాశయం నీటిమట్టం దిగజారదు, తగ్గుతుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషి పరిస్థితి ‘విషమించింది’ అనడం మేలు. ‘దిగజారింది’ అంటే నడవడిక గురించి అన్నట్టు కూడా వినిపించవచ్చు.

వంటల్లో ‘గరిటె జారుగా’ అంటే ఎంత పలచన?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కొలత కప్పుల్లో ఉండదు, గరిటెలో ఉంటుంది. పిండిలో గరిటె ముంచి పైకెత్తి వంచండి. పిండి ముద్దలుగా తెగి తప్‌మని పడితే ఇంకా గట్టిగా ఉన్నట్టు. నీళ్ళలా ఒక్కసారి పోయి గరిటె లోహం మెరుస్తుంటే పలచనైపోయినట్టు. తెగని ధారగా, తొందరపడకుండా జారి, గరిటె వెనకవైపు పలచని పొర మిగిలితే అది గరిటె జారు. ఆ పొర మీద వేలితో గీత గీస్తే గీత వెంటనే పూడుకోకూడదు.

పిండి చిక్కదనానికి వంటింటి మాటలు వరసలో చెప్పాలంటే గట్టి, ముద్ద, చిక్కన, జారు, పలచన, నీళ్ళు. చిక్కనకూ పలచనకూ నడుమ ఉండే ఆ ఒక్క మెట్టుకు ‘లూజుగా’ అని రాయాల్సిన పని లేదు. జారు ఉంది.

మిరపకాయ బజ్జీకి ఒక కప్పు శెనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి తీసుకుంటే నీళ్ళు అరకప్పుతో మొదలుపెట్టి, ఆ తర్వాత చెంచాల లెక్కన పోయాలి. పిండి పాతదా కొత్తదా, మెత్తనా బరకా అన్నదాన్ని బట్టి నీళ్ళు మారతాయి, అందుకే ఒకేసారి పోయకూడదు. కాయను ముంచి తీస్తే పిండి పూర్తిగా కప్పుకుని ఉండి, కొసన ఒక్క బొట్టు నిదానంగా వేలాడాలి. అంతకన్నా జారైతే నూనెలో వేయగానే పిండి తోకలు తోకలుగా విడిపోతుంది, కాయ బోసిగా తేలుతుంది. మరీ గట్టిగా ఉంటే పైన ఎర్రబడి లోపల పచ్చిపిండి వాసన వేస్తుంది.

రవ్వట్టుకు గరిటె జారు సరిపోదు, ఇంకా పలచన కావాలి. అరకప్పు బొంబాయి రవ్వ, అరకప్పు బియ్యప్పిండి, పావుకప్పు మైదాకు నీళ్ళు రెండున్నర నుంచి మూడు కప్పులు పడతాయి. కలిపిన పావుగంటకు రవ్వ నీళ్ళు పీల్చుకుని పిండి మళ్ళీ చిక్కబడుతుంది, అప్పుడు నీళ్ళు సరిచూసుకోవాలి. రవ్వ అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతి అట్టుకూ ముందు కలపాలి. కలపకపోతే మొదటి అట్లు కాగితంలా, చివరివి రొట్టెలా వస్తాయి.

గారెల పిండి మాత్రం జారు కాకూడదు. చిన్న ఉండను గిన్నెడు నీళ్ళలో వేస్తే తేలాలి. జారైతే చిల్లు నిలవదు, గారె నూనె తాగుతుంది. ఒకటి రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి, పావుగంట ఫ్రిజ్‌లో పెడితే కొంత దారికి వస్తుంది. అంతకు మించి పిండి కలిపితే గారెలు గట్టిబడతాయి. అసలు విరుగుడు రుబ్బేటప్పుడే ఉంది. నీళ్ళు పోయకుండా చిలకరించాలి.

‘జారుముడి’ ఒకటే ముడా?

మూడున్నాయి. ఒక్క లాగుతో విడిపోయే ముడి; లాగినకొద్దీ బిగుసుకునే ఉచ్చుముడి; ఆడవాళ్ళు మెడ మీదికి వదులుగా వేసుకునే కొప్పు. కవులు రాసే జారుముడి మూడోది.

పశువును గుంజకు కట్టే మొదటి రకం ఇలా వేస్తారు. తాడును గుంజ చుట్టూ తిప్పి రెండు పోగులూ ముందుకు తెచ్చుకోవాలి. ఒకటి పశువు వైపు పోయేది, బరువంతా దాని మీదే. రెండోది చేతిలో మిగిలిన కొస. కొసను బరువు పోగు మీదుగా దాటించి కిందనుంచి చుట్టి తెస్తే ఒక కన్ను ఏర్పడుతుంది. మామూలు ముడికి కొసను ఆ కన్నులోంచి పూర్తిగా లాగేస్తాం. జారుముడికి కొసను మడిచి ఆ మడతను మాత్రమే దూర్చాలి, కొస జానెడు బయటే ఉండాలి. మడతను పట్టుకుని బరువు పోగును లాగితే బిగుస్తుంది. ఇలాంటివి ఒకదాని పక్కన ఒకటి రెండు వేస్తే నమ్మకం. పాకకు నిప్పంటుకున్నా పశువు తాడులో చిక్కుకున్నా కొసను ఒక్కసారి గుంజితే ముడి విడిపోతుంది. అందుకే జారుముడి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. కొసను పశువు నోటికి అందేలా వదలడం ఒకటి, నమిలి లాగేసుకుంటుంది. ఇదే ముడిని మెడకు వేయడం రెండోది, అది ప్రాణాంతకం. గుంజకు వేసినప్పుడు బిగిస్తే మంచిదే, మెడకు వేస్తే లాగినకొద్దీ ఉరి అవుతుంది. మెడకు ఎప్పుడూ జారని ముడే వేయాలి. నైలాన్ తాడు నునుపు గనక జారకూడని ముడి కూడా మెల్లగా జారుతుంది; దానికి కొస ఇంకొంచెం పొడుగు వదలాలి. కొబ్బరితాడు, జనపతాడు గరుకు వల్ల పట్టి ఉంటాయి. జారుముడికి ఎదురు పీటముడి, లాగితే ఇంకా బిగిసి గోళ్ళకు కూడా లొంగదు.

కర్ణాటక సంగీతంలో ‘జారు’ అదేనా?

అదే మాట, అదే అర్థం. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే పద్ధతుల్ని గమకాలంటారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడుమ తెగకుండా జారడమే జారు గమకం. పైకీ ఉంటుంది, కిందికీ ఉంటుంది. బయట ఏ వస్తువూ తనంతట పైకి జారదు, సంగీతంలో స్వరం జారుతుంది. సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళనాడులోని ఎట్టయాపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో జారుకు ఏటవాలు గీత గుర్తు. పైకి పోయేదానికి ఒక వాలు, దిగేదానికి దాని ఎదురు వాలు.

వీణ మీద చూస్తే సంగతి కంటికే కనిపిస్తుంది. సారణి తీగను (వాయించే తీగల్లో మొదటిది) షడ్జానికి, అంటే ‘స’కు శ్రుతి చేస్తే 7వ మెట్టు మీద పంచమం (‘ప’), 12వ మెట్టు మీద తారషడ్జం (పై ‘స’) పలుకుతాయి. 7 మీద మీటి, వేలు ఎత్తకుండా, మళ్ళీ మీటకుండా 12 దాకా తీసుకుపోతే అది జారు. వేలు ఎత్తితే రెండు స్వరాలు విడివిడిగా పలుకుతాయి. మరీ గట్టిగా నొక్కితే ప్రతి మెట్టూ ‘టక టక’ మని లెక్క చెబుతుంది. మరీ తేలిగ్గా ఆనిస్తే నాదం దారిలోనే చచ్చిపోతుంది. చేరాల్సిన మెట్టును ఒక వెంట్రుకవాసి దాటి వెనక్కి వస్తే అపస్వరం చెవికి తగులుతుంది. నేర్చుకునేవాళ్ళు మొదట 7 నుంచి 9, తర్వాత 7 నుంచి 12 చేస్తే దూరం చేతికి అలవాటవుతుంది. వేళ్ళు జారడానికి వైణికులు పక్కన నూనె దూది పెట్టుకుంటారు.

వయొలిన్‌కు మెట్లే లేవు గనక జారు ఇంకా సుళువు, అపస్వరమూ ఇంకా సుళువు. మన విద్వాంసులు కింద కూర్చుని వయొలిన్ తల కొసను పాదం దగ్గర ఆనించుకునేది ఇందుకే. వాయిద్యాన్ని మోసే పని లేకపోతే ఎడమచెయ్యి నిరాటంకంగా జారగలదు.

వైద్యుల దగ్గర వినిపించే ‘జారడం’ నిజంగా జారడమేనా?

‘గర్భసంచి జారింది’ నిజమే. కటి (పొత్తికడుపు అడుగు) కండరాలు, గర్భసంచిని పట్టి ఉంచే కట్లు సడలి అది యోని మార్గంలోకి దిగుతుంది. ఎక్కువ కాన్పులు, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, బరువులెత్తడం కారణాలు. కింద బరువుగా, ఏదో జారి వస్తున్నట్టు అనిపిస్తే దాచుకోకుండా చూపించుకోవాలి. మొదటి దశల్లో కటి కండరాల వ్యాయామం పనిచేస్తుంది.

‘డిస్కు జారింది’ మాత్రం పేరుకే. వెన్నుపూసల నడుమ బిళ్ళ పక్కకు జారిపోదు. దాని పైపొర బలహీనపడి లోపలి మెత్తటి పదార్థం ఉబ్బి బయటికి వస్తుంది, నరాన్ని నొక్కితే కాలిదాకా నొప్పి లాగుతుంది. అందుకే ‘జారిన బిళ్ళను నొక్కి మళ్ళీ లోపలికి పెడతాం’ అనేవాళ్ళ మాట నమ్మకూడదు.

‘గుండె జారిపోయింది’కి వైద్యం అక్కర్లేదు. కబురు నిజం కాదని తెలిస్తే చాలు.

కన్నీరు కారిందా, జారిందా?

ఎక్కడి నుంచి వస్తోందో చెప్పాలంటే కారు: కుళాయి కారుతోంది, ముక్కు కారుతోంది. దేని మీదుగా పోతోందో చూపాలంటే జారు: చెంపల మీదుగా జారింది. ‘కళ్ళు జారుతున్నాయి’ అనలేం, ‘చెంపల మీద కారుతోంది’ అంటే ఎవరూ తప్పు పట్టరు. ‘జాలువారు’ వేరే మాట. జాలు అంటే ప్రవాహం, వారు అంటే పారు.

కొండచరియలు ఎందుకు జారవు?

తెలుగులో అవి విరిగిపడతాయి. ఇంద్రకీలాద్రి మీదైనా, తిరుమల ఘాట్ రోడ్డు మీదైనా మనం చూసేది రాయి విడిపోయి దొర్లి పడటం, కాబట్టి మాట సరిగ్గానే అతికింది. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో జరిగింది అది కాదు. బురద, బండరాళ్ళు, చెట్లు కలిసి ఊళ్ళ మీదికి పారాయి. అక్కడా అలవాటుగా ‘విరిగిపడి’ అనే రాశారు. ఇలాంటిదానికి ‘కొండ జారి బురద ముంచెత్తింది’ అంటే చదివినవాడికి దృశ్యం సరిగ్గా అందుతుంది.

జారుడుబల్లా, జారుడుబండా?

కోస్తాలో బల్ల, తెలంగాణలో బండ ఎక్కువ వినిపిస్తాయి. జారుబండ పాతది. ఊరి పక్క గుట్ట మీద నున్నటి రాతివాలును పిల్లలు తరతరాలుగా జారి ఇంకా నున్నగా చేసిపెట్టినది. పార్కుల్లోకి రేకువి వచ్చాక కూడా పేరులో బండ మిగిలింది. ఒక జాగ్రత్త: పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెద్దవాళ్ళు జారకూడదు. పిల్లవాడి బూటు అంచుకు పట్టేస్తే పెద్దవాళ్ళ బరువుతో కాలి ఎముక విరుగుతుంది. ఎండాకాలం రేకును ముందు చేత్తో తాకి చూడాలి.

జారీ, జారుడు, ఝరి: ఇవన్నీ చుట్టాలేనా?

కావు. ‘ఉత్తర్వులు జారీ’లోని జారీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది, ‘పారుతున్న, నడుస్తున్న’ అని అర్థం. మన జారుతో పోలిక కాకతాళీయం. ఝరి సంస్కృతం, సెలయేరు. జారుడు అంటే విటుడన్న మాట కూడా సంస్కృత ‘జార’ నుంచే. జారిణి, జారత్వం దాని పిల్లలు. కృష్ణుణ్ణి ‘చోరజార శిఖామణి’ అన్నప్పుడు ఆయన ఎక్కడా కాలు జారి పడలేదు. ఇంగ్లీషు జార్ కూడా వంటింట్లో ‘జారు’ అయి కూర్చుంది. అందుకే ‘మిక్సీ జారులో వేసి గరిటె జారుగా రుబ్బుకోవాలి’ అన్న వాక్యంలో ఒక జారు గిన్నె, ఇంకోటి గుణం.

ఫోన్ తెర మీద వేలితో చేసే పనికి ‘జార్చండి’ అనవచ్చా?

అనకూడదు. ‘జార్చండి’ అంటే కింద పడేయమని. అదుపులో ఉన్న కదలిక గనక ‘పక్కకు జరపండి’. లేదా అందరికీ తెలిసిన ‘స్వైప్ చేయండి’. ప్రెజెంటేషన్‌లో ఉండేది స్లయిడే. దానికి ‘జారుపలక’ లాంటివి పుట్టించనక్కర్లేదు.

పాత నిఘంటువులో ‘జారు’ దొరకడం లేదు. ఎందుకు?

బండి ఱ తో వెతకండి: జాఱు. పాత రాతలో పట్టు తప్పే జాఱు బండి ఱ తో, విటుడైన జారుడు మామూలు ర తో ఉండేవి, కాబట్టి తికమక ఉండేది కాదు. ఆధునిక రాతలో రెండూ కలిసిపోయాయి. పద్యం రాసేవాళ్ళు మాత్రం ప్రాస చూసుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పాత పద్ధతిలో ర కూ ఱ కూ ప్రాస కుదరదు.

పక్క భాషల్లో ఈ మాట ఉందా?

కన్నడంలో అచ్చంగా ఉంది. ‘కాలు జారి బిద్ద’ అంటే కాలు జారి పడ్డాడు. పిల్లల జారుబండ వాళ్ళకు ‘జారుబండె’. తమిళంలో పని మూడుగా పంచుకున్నారు. నేల మీద కాలు జారితే ‘వళుక్కు’, వాలు మీద జర్రున జారితే ‘సరుక్కు’, చేతిలోంచి జారిపోతే ‘నళువు’. భరతనాట్యంలో పాదాన్ని జార్చే ‘సరుక్కల్ అడవు’ (అడవు అంటే నాట్యంలో ప్రాథమికమైన అడుగు) రెండోదాని నుంచి వచ్చింది. తమిళం నుంచి అనువదించేవాళ్ళు మూడింటికీ ‘జారు’ పెట్టి ఊరుకుంటే తేడా పోతుంది. మొదటిదానికి ‘కాలు జారు’, రెండోదానికి ‘జర్రున జారు’, మూడోదానికి ‘చేజారు’ అని పక్కన ఒక మాట చేర్చుకోవాలి.